బుజ్జమ్మ ఎండబెట్టిన ఓట్స్

9 ఫిబ్రవరి 1981, సోమవారం, మదనపల్లె

టీబీ వార్డులో వెయిట్ చూసే రోజు. బుజ్జమ్మ ముప్పై ఒక్క కిలోలు. పోయిన సోమవారమూ అంతే. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మందులు పనిచేస్తున్నాయి ఆబిదా, కానీ తిండి లేని ఒంట్లో ఎన్నాళ్లు పనిచేస్తాయి అన్నారు. ముప్పై ఆరు దాటితే ఇంటికి పంపుతారట. దాటకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. నర్సుగా పదకొండేళ్ల సర్వీసు నాది, నాకు వేరే చెప్పాలా!

10 ఫిబ్రవరి

పొద్దున టిఫిను ఓట్స్ జావ. డబ్బాలు ఎవరో దానంగా పంపినవి. వంట మునస్వామి వాటిని ఉప్పు నీళ్లలో ఉడికించి గరిటెతో కొడతాడు. దాంతో గోడలకు పోస్టర్లు అంటించుకోవచ్చు. ఒక స్పూను నోట్లో పెట్టుకుంటే నాకే దిగలేదు. రేపు డ్యూటీకి ముందే వెళ్లి నేనే చేస్తాను.

11 ఫిబ్రవరి, ఉదయం 7

పండగకు మా అమ్మ షీర్ ఖుర్మా చేసే పద్ధతిలో చేశాను. ఓట్స్ కొంచెం నేతిలో వేయించి, పాలు పోసి, దాల్చినచెక్క, ఏలకులు, ఎండుద్రాక్ష వేశాను. దింపాక బెల్లం పొడి, అరటిపండు ముక్కలు. ఇది ఆస్పత్రా పెండ్లి ఇల్లా సిస్టరమ్మా అని మునస్వామి ఎగతాళి చేశాడు. చేస్తూనే గిన్నె అడుగు నాకాడు. వేడివేడిగా పెట్టాను. బుజ్జమ్మ ప్లేటు ఖాళీ. అమ్మయ్య.

2 మార్చి, సోమవారం

ముప్పై ఒకటే. మూడు వారాలుగా ప్లేటు ఖాళీ, ముల్లు మాత్రం కదలదు.

4 మార్చి

దొరికింది. దుప్పట్లు ఆరేయడానికి మేడ ఎక్కితే, నీళ్ల తొట్టి వెనక పాత చీర ముక్క మీద ఓట్స్ వడియాలు! చక్కగా వరసల్లో. ఎండుద్రాక్షలు కూడా కనిపిస్తున్నాయి. ఎంత మండిందో నాకు! కిందికి వచ్చి వార్డంతా వినేలా అరిచాను.

బుజ్జమ్మ తల ఎత్తలేదు. ఎంగిలి చెయ్యలేదమ్మా, నోట పెట్టకముందే తీసి పెడతాండా, అంది. ఎవరికే అంటే, మునెమ్మకు. నాలుగేళ్ల కూతురు. బైరెడ్డిపల్లెలో ఆడబిడ్డ వెంకటమ్మ దగ్గర ఉందట. పాలూ పండూ నేనీడ మింగతా కూసుంటే, ఆడ ఆ బిడ్డ ఏం తినిందో ఏమో, ముద్ద దిగదమ్మా అంది. చూడ్డానికి వచ్చిన ఊరివాళ్ల చేత అప్పుడే రెండుసార్లు పంపించిందట.

అరిచినందుకు సిగ్గేసింది. కోపం మాత్రం పోలేదు.

8 మార్చి, ఆదివారం సాయంత్రం, పుంగనూరు, అమ్మ ఇల్లు

బైరెడ్డిపల్లెకు పోయి వచ్చాను. మునెమ్మ బుగ్గలు చూస్తే కొరకాలనిపించింది. సంగటి ముద్ద, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి ముందు పెట్టుకుని ఒక పట్టు పడుతోంది. వడియాలు ఏమయ్యాయంటే వెంకటమ్మ పడీపడీ నవ్వింది. నూనెలో ఏస్తే బొగ్గులైపోయినాయంట. మేకకేస్తే అది గూడా మూతి తిప్పుకోని పోయిందంట.

పిల్ల మాత్రం నా కొంగు వదల్లేదు. మాయమ్మ యాడుండాది, మాయమ్మ ఎప్పుడొస్తాది, బస్సెక్కేదాకా అదే పాట.

9 మార్చి

బిడ్డ బాగుంది, కడుపు నిండా తింటోంది అని చెప్పాను. నమ్మలేదు. నా మనసు నిమ్మళానికి సెప్తాండావులేమ్మా అని ప్లేటు పక్కకు జరిపింది. వెయిట్ ముప్పైన్నర. అరకిలో తగ్గింది! నాకు ఒళ్లు తెలియలేదు. నీ కూతురు వెంకటమ్మను అమ్మా అని పిలుస్తోంది, నువ్వు ఇట్లాగే వడియాలు పెట్టుకుంటూ కూర్చో, అనేశాను.

అబద్ధం. పచ్చి అబద్ధం. ఆ పిల్ల వాళ్లమ్మ కోసం ఎంత బెంగపడిందో చూసి వచ్చి, ఈ మాట ఎలా అన్నాను?

బుజ్జమ్మ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. ప్లేటు లాక్కుని తినింది. మొత్తం, నా ముందే.

23 మార్చి

ముప్పై రెండు. నాతో మాట్లాడటం లేదు.

13 ఏప్రిల్

ముప్పై నాలుగు. ఇంకొంచెం పెట్టమని ప్లేటు చాపుతుంది, నా మొహం చూడదు. నిజం చెప్పేద్దామని రోజూ అనుకుంటాను. చెప్తే మళ్లీ తిండి మానేస్తుందేమోనని భయం. నిన్న అమ్మతో చెప్పుకున్నాను. కన్నతల్లితో ఆ మాటంటావా, నోరా అది, అని తిట్టింది. కాసేపాగి, యాలకులు దంచి వేస్తాండావా, ఊరికే వేస్తాండావా అని అడిగింది.

11 మే, సోమవారం

ముప్పై ఆరుంబావు! ఓట్స్‌లో ఇప్పుడు మామిడిపండు. రేపు డిశ్చార్జి. వెంకటమ్మకు కబురు పంపాను.

12 మే

మునెమ్మ గేటు దగ్గర నుంచే అమ్మా అని అరుచుకుంటూ వచ్చింది. వెంకటమ్మను అత్తా అని పిలిచింది. అందరి ముందూ. నేను మందుల గదిలోకి పోయి దాక్కున్నాను.

బుజ్జమ్మ బిడ్డను చంకనేసుకుని అక్కడికే వచ్చింది. నువ్వు సెప్పింది అబద్ధమని ఆ పొద్దే తెలుసు సిస్టరమ్మా, అంది. నేనీడనే పడుంటే అది నిజమయ్యేదానికి ఎన్ని దినాలు పడతాదిలే అనుకోని తింటి.