లారీని ముట్టుకోకండి

నాన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. పొద్దున తెనాలి గోడౌన్ నుంచి మీ మేనేజర్ గారు రేపల్లెలో మనింటికి వచ్చారు. "సరుకు కాపాడటం కోసం ప్రాణమిచ్చిన మనిషమ్మా" అంటూ అమ్మ చేతిలో గాజు షీల్డ్ పెట్టారు.

అమ్మ దాన్ని నేలకేసి కొట్టింది. "సబ్బులూ బిస్కెట్ల కోసం మమ్మల్నొదిలేసి పోయాడాండీ ఆయన?" అని అరిచింది. గాజుముక్క గుచ్చుకుని పాదం నిండా రక్తం. నేను గుడ్డ కట్టాను. నిజం మాత్రం చెప్పలేదు.

ఆ రోజు బాపట్ల కాలేజీకి బస్సు తప్పిపోయిందని ఏడ్చి నీ లారీ ఎక్కింది నేనే. వేరేవాళ్లని ఎక్కిస్తే ఉద్యోగం పోతుందని నన్ను సీటు వెనక పరుపు మీద పడుకోబెట్టి కర్టెన్ వేశావు. చెరుకుపల్లి దాటాక లారీ ఒక బైకుకి రాసుకుంది. ఆ బైకు తాలూకు మనుషులు నిన్ను కిందికి లాగి రాడ్లతో కొట్టారు. ఒక్కో దెబ్బకీ నువ్వు తలుపుకి గుద్దుకుంటుంటే నా పరుపు అదిరేది.

"లారీని తగలబెట్టండ్రా" అన్నాడొకడు.

నువ్వు వాడి కాళ్లు పట్టుకున్నావు. "లారీని ముట్టుకోకండి బాబూ, నన్ను కొట్టండి."

వాళ్లు అలాగే చేశారు.

ఎవరో తీసిన వీడియోలో ఆ మాట ఊరంతా విన్నది. కర్టెన్ వెనక నేను నోట్లో చున్నీ కుక్కుకుని ఉన్నానని ఎవరికీ తెలీదు. పోలీసులు వచ్చేలోపు దిగి జనంలో కలిసిపోయాను.

చెబితే అమ్మ నా మొహం చూడదేమోనని భయం నాన్నా. కానీ నువ్వు సబ్బుల కోసం పోయావని తను ఏడుస్తుంటే ఇంక చూడలేను. ఈ ఉత్తరం నీకెలాగూ చేరదు. అమ్మ దిండు కింద పెడుతున్నాను.