పాలు పొంగని ఇల్లు

మణుగూరు,
10 జూన్ 1985

ప్రియమైన పెద్దమ్మకు,

హైమ నమస్కరించి రాస్తున్నాను. మూడు గదులూ లేచాయి. రేకులు కప్పేశారు, తలుపులు బిగించడమే మిగిలింది. మామయ్యగారు ఏనాడో కొనిపెట్టిన జాగా ఇది. ఈ ఏజెన్సీలో గిరిజనులు కాని మనలాంటి వాళ్లు కొత్తగా సెంటు భూమి కూడా కొనడానికి లేదు కాబట్టి మాకున్నదీ ఇదే. మీ అల్లుడి బట్టల కొట్టు మూతపడ్డ సంగతి నీకు తెలుసు. ఈ గదులు నిండితే మేం ఇక్కడ నిలబడతాం. దసరాలోపు నిండకపోతే తాళం వేసుకుని కుసుమంచిలో మా బావగారి పంచన చేరాలి. ఆయన అప్పుడే వెనక వసారా ఊడ్పించారట.

నిన్న సాయంత్రం తలుపుల్లేని గుమ్మాల ముందు నిలబడ్డాను. అడవి మీద, కొత్తగా కడుతున్న భారజలం ప్లాంటు లైట్లు ఒక్కసారిగా వెలిగాయి. బొగ్గుగనిలో షిఫ్టు దిగినవాళ్లు గుంపులుగా పోతున్నారు, ఎవరి భాష వాళ్లది. వీళ్లలో ఎవరో, ముక్కూ మొహం తెలియనివాళ్లు, నేను కట్టించిన గోడల మధ్య కళ్లు మూసుకుని నిద్రపోతారు కదా అనుకుంటే ఒళ్లు ఝల్లుమంది. మనల్ని అంత నమ్ముతారా మనుషులు?

నువ్వు ఖమ్మంలో ఇన్నేళ్లుగా ఐదు వాటాలు అద్దెకిస్తున్నావు. నాకు ఓనమాలు దిద్దించు.

నీ హైమ

*

ఖమ్మం,
17 జూన్

చిరంజీవి సౌభాగ్యవతి హైమకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిద్రపోవడం సంగతి తర్వాత, ముందు వాళ్లు ఎన్ని బిందెల నీళ్లు వాడతారో అడుగు. గది చూడటానికి వచ్చినవాడు గోడల వంక చూస్తే ఉంటాడు, గేటు వంక చూస్తే నెల తిరక్కుండా పోతాడు. మగవాడు ఒక్కడే వస్తే సరేననకు, వాడి ఇల్లాలిని తీసుకురమ్మను. ఆవిడ పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలని అడిగిందంటే గది వాళ్లదే. మేకులు కొట్టనివ్వకు. నా నడవ గోడ చూశావుగా, జల్లెడైంది.

రెండు మాటలు మాత్రం కొంగున ముడేసుకో. ముందు పాలు పొంగించాలి, ఆ తర్వాతే కిరాయికి ఇవ్వాలి. పాలు పొంగని ఇంట్లో దీపం పెట్టినా అది ఇల్లు కాదు, నాలుగు గోడలు. రెండోది, పురుడూ చావూ మన గడపలో జరగనివ్వకు. నెలలు నిండుతుంటే పుట్టింటికి, ప్రాణం మీదికొస్తే సొంతూరికి. పాపమని ఊరుకున్నావా, ఆ తర్వాత ఆ ఇంటికి కుక్క కూడా రాదు. ముహూర్తం పెట్టించి రాయి. గిన్నె నేను తెస్తాను.

ఆశీస్సులతో,
సీతారావమ్మ

*

మణుగూరు,
30 జూన్

ప్రియమైన పెద్దమ్మకు,

నువ్వు కోప్పడతావని తెలిసే రాస్తున్నాను. తలుపులు బిగించేసరికి ఆషాఢం వచ్చేసింది. వెనకే అధిక శ్రావణం. రెండు నెలలు ముహూర్తాలే లేవని పంతులుగారు చేతులెత్తేశారు. అంతవరకూ ఖాళీగా పెట్టుకుంటే మేం తినేదేమిటి? రెండు గదులు ఇచ్చేశాను. పాలు నిజ శ్రావణంలో పొంగిస్తాం.

ముందు గదిలో ప్లాంటు స్టోర్ కీపరూ ఆయన తల్లి బుల్లెమ్మగారూ. గుంటూరు వైపువాళ్లు. ఆవిడకు మడీ ఆచారం బాగా ఎక్కువ. పాల సంగతి దాచకుండా చెప్పాను. ముహూర్తందాకా సర్దుకుంటానన్నారు.

తూర్పు గది పగిడయ్యకూ నాగక్కకూ ఇచ్చాను. వాగు అవతలి అడవి పల్లెవాళ్లు, పగిడయ్యకు గనిలో పని దొరికింది. నాగక్క గదిలోకి వచ్చి నాలుగు గోడల మీదా చెయ్యి పెట్టి చూసింది. చివరి గోడ దగ్గర ఆగి, “గీ గోడకవతల ఎవరుంటరమ్మా?” అంది. రేపు మూడో గదిలో ఎవరో వస్తారన్నాను. “ఎవరో తెల్వకుండనే పక్కన పండుకోవాల్నా?” అంది. అంతసేపూ నా తల నిండా అద్దెల లెక్కలే. ఆ మాటతో నా గోడ నాకే కొత్తగా కనబడింది. నేనూ దాని మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను.

పొయ్యి ఎక్కడని ఆ పిల్లే అడిగింది, కాబట్టి నువ్వు చెప్పినట్టే ఇచ్చాను. ఒక్క సంగతి ఉంది. ఆ పిల్లకు ఏడో నెల దాటినట్టుంది.

నీ హైమ

*

ఖమ్మం,
8 జూలై

హైమా, ఆశీస్సులు.

నేను చెప్పినవి రెండే మాటలు. రెండూ ఏట్లో కలిపావు. ఏడో నెల దాటినట్టుందని ఎంత తీరిగ్గా రాశావే. ఆ పిల్లను తొమ్మిదో నెల పడకముందే వాగు దాటించు. గట్టిగా మాట్లాడలేకపోతే మీ ఆయన చేత చెప్పించు. పాలు పొంగని ఇంట్లో పురుడు జరిగిందంటే ఆ కాలనీలో నీ గదులు చీకట్లో ఉండిపోతాయి. నీ కోసమే ఈ మాట. వెనక వసారా బతుకు నేను బతికి చూశాను, నీకొద్దు.

పెద్దమ్మ

*

మణుగూరు,
12 ఆగస్టు

ప్రియమైన పెద్దమ్మకు,

ఇన్నాళ్లూ రాయనందుకు తిట్టుకో. రాయడానికి చెయ్యి రాలేదు.

నాగక్కను పంపుదామనే అనుకున్నాం. పగిడయ్య తల్లి జంపక్క వచ్చి తీసుకుపోతానంది. ఆమె రావలసిన వారం వాన పట్టుకుంది. వాగు పొంగి ఆమె అవతలి గట్టునే ఉండిపోయింది. పగిడయ్య గనిలో డ్యూటీకి పోయిన పొద్దున నొప్పులు మొదలయ్యాయి. దవాఖానాకు తీసుకెళ్లడానికి మీ అల్లుడు జీపు తెస్తే, అది సగం దారిలోంచి తిరిగొచ్చింది, రోడ్డు మీద నీళ్లట.

బుల్లెమ్మగారు గుమ్మంలో నిలబడి, “పాలు పొంగని ఇంట్లో పురుడేమిటమ్మా? ఇది జరిగితే మేం ఖాళీ చేస్తాం, పదిమందికీ చెప్పే పోతాం” అన్నారు. లోపలున్న నాగక్క ఆ మాట విన్నది. గోడ పట్టుకుని లేచి బయటికి నడిచింది. “మీ ఇల్లు కొత్తదమ్మా. నేను గా పాకల పోయి పండుకుంట” అంది. ఇటుకలు పెట్టుకున్న పాక పెద్దమ్మా, మూడు వైపులా జల్లు కొడుతోంది.

నీ రెండు మాటలూ గుర్తొచ్చాయి, కుసుమంచి వసారా గుర్తొచ్చింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటే ఒళ్లంతా వణుకుతోంది. లోపలికి తీసుకొచ్చి గడియ పెట్టేశాను.

నాకేం తెలుసు? నా ఒళ్లో ఏ బిడ్డా పడలేదు. జంపక్క లేదు. మూడు వీధుల అవతలి నుంచి నర్సు వచ్చేలోపే ఆడపిల్ల నా చేతుల్లోకి వచ్చేసింది. అంతవరకూ ఆ గదిలో ఇద్దరమే ఉన్నాం, ఒక్క క్షణంలో ముగ్గురమయ్యాం. తలుపు తీయలేదు, ఎవరూ రాలేదు, మనిషి మాత్రం వచ్చింది. రేకుల మీద వాన చప్పుడు కూడా వినపడలేదు నాకు.

నాగక్కకు మొదట పాలు పడలేదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఇద్దరం ఏడ్చాం. వరద తీశాక జంపక్క వచ్చి ఏదో కషాయం తాగించింది. ఆ మర్నాడు పొద్దున్నే నాగక్క కేకేస్తే పరుగెత్తాను. పాలు పొంగి రవిక తడిసిపోయింది. ఆ పిల్ల నవ్వుతోంది.

బుల్లెమ్మగారు అన్నంత పనీ చేశారు. ముందు గది ఖాళీ. మూడో గదికి వచ్చేవాళ్లు గేటు దగ్గరే ఎవరో ఏదో చెబితే విని తిరిగిపోతున్నారు. ఇల్లు మైలపడిందట. మీ అల్లుడు నిన్న కుసుమంచికి కార్డు రాసి జేబులో పెట్టుకున్నారు. ఇంకా పోస్టు చేయలేదు. శాంతి ఏమైనా చేయించాలా? పంతులుగారిని అడిగి చెప్పు. నువ్వు ఏం చెబితే అది చేస్తాను. ఆ పిల్లను పంపెయ్యమని మాత్రం చెప్పకు.

నీ హైమ

*

ఖమ్మం,
20 ఆగస్టు

చిరంజీవి సౌభాగ్యవతి హైమకు పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం రెండు రోజులు తిరగేసి తిరగేసి చదివాను. కోపం నీ మీదో నా మీదో తేలలేదు. తర్వాత పంతులుగారి దగ్గరికి బయల్దేరాను. ఆయనకు చదివి వినిపిద్దామని ఉత్తరం వెంట తీసుకెళ్లాను. పురుడు దాకా బాగానే చదివాను. ‘పాలు పొంగి’ అన్న చోట ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివాను.

నువ్వే రాశావు. రాసి కూడా నువ్వు చూసుకోలేదు. నేనూ అన్నిసార్లు చదివి అప్పుడే చూశాను. అదీ తూర్పు గదిలో. నేను ఇన్ని గృహప్రవేశాలు చేయించాను కదా, గిన్నె కింద పిడకలు ఎగదోసి, తూర్పుకు పొంగాలని గిన్నెను అటు వంచి, ఎన్ని తంటాలు పడేదాన్నో. నీ ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించకుండానే పొంగాయి.

పంతులుగారు, “ఇక నన్నేం అడుగుతారమ్మా” అన్నారు. ఆయన ఒప్పుకోకపోయినా నేను ఒప్పుకునేదాన్నే.

మీ ఆయన జేబులో ఉన్న కార్డు పొయ్యిలో పెట్టు. ముందు గది నాకివ్వు. ఇక్కడి వాటాలు మా కోడలు చూసుకుంటుంది. శనివారం బస్సుకు వస్తున్నాను, కార్తీకం దాకా ఉంటాను. ఊరికే ఉండను, అందరితోపాటే కిరాయి ఇస్తాను. సీతారావమ్మ కాపురమున్న ఇంటికి మైల అనేవాళ్లెవరో గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తాను. మూడో గది దసరాలోపు నిండకపోతే అప్పుడడుగు.

ఇన్నేళ్లలో కిరాయి తీసుకోవడమే గాని ఇచ్చి ఎరగను. కొత్తగా ఉంది, కాస్త బెరుగ్గానూ ఉంది. గోడకవతల ఎవరుంటారని ఇన్నాళ్లూ నేనెవర్నీ అడగలేదు. ఈసారి నాకు తెలుసు.

పాలగిన్నె తేవడం లేదు. ఉయ్యాల తెస్తున్నాను. దూలానికి కొక్కెం లేకపోతే నేను వచ్చేలోపు మీ ఆయన చేత కొట్టించు.

నీ ముందుగది కిరాయిదారు,
సీతారావమ్మ