నల్లకోటులో విన్న శుభవార్త

ఔలు ఆసుపత్రి,
మంగళవారం

లెంపీ, నా బంగారూ, మన ఔతి కళ్ళు తెరిచింది, కాఫీ అడిగింది.

ఇంకోసారి రాస్తాను, రాస్తుంటేనే బాగుంది. కళ్ళు తెరిచింది. కాఫీ అడిగింది. "పాలెవరు పితుకుతున్నారు నాన్నా?" అని కూడా అడిగింది. తలలో నరం చిట్లి పాలబకెట్టు మీదే ఒరిగిపోయిన పిల్ల, పుర్రె తెరిచి కుట్టిన పిల్ల, ఆవుల సంగతి అడిగిందే. పక్కింటి ఐలికి ఫోను చేశాను, ఈపాటికి నీ వినపడని చెవిలో అరిచి చెప్పే ఉంటుంది. జరిగినదంతా పాపం ఐలి ఎంతని అరుస్తుంది, అందుకని ఈ ఉత్తరం.

నీకొకటి దాచాను లెంపీ. ఐలి చేత రోజూ "నిలకడగా ఉంది" అని చెప్పించానే, అది నిజం కాదు. డాక్టరు మొదటిరోజే నన్ను పక్కకు పిలిచి మనసు గట్టి చేసుకోమన్నాడు. అసలు ఇంట్లో బయల్దేరేటప్పుడే చావులకి తొడుక్కునే నల్లకోటు మడిచి సంచి అడుగున పెట్టుకున్నాను, నీ యాలకుల రొట్టె కింద. నువ్వు చూస్తే కూలిపోతావని మాట్లాడలేదు.

ఇక్కడ లోపలివాళ్ళ కోసం కాచుకుని కూర్చునే గది ఒకటుంది. మొదట్లో అందరం మనవాళ్ళ పద్ధతిలోనే కూర్చున్నాం, మనిషికీ మనిషికీ మధ్య ఒక కుర్చీ ఖాళీగా వదిలి, నేల చూస్తూ. వెయిక్కో అని దుంగల లారీ నడిపే కొండంత మనిషి, అతని భార్య లోపల. సైమి అని నా ఈడు ఆవిడ, మోటారు సైకిలు మీంచి పడ్డ మనవడు లోపల. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. కానీ ఆ తలుపు చప్పుడైతే చాలు, ముగ్గురం ఒకేసారి తలెత్తేవాళ్ళం. నర్సు ఒకరి పేరు పిలిస్తే మిగతా ఇద్దరికీ ఊపిరి ఆగేది. మధ్యనున్న ఖాళీ కుర్చీలు ఎప్పుడు పోయాయో నేను చూడనేలేదు. ఒకసారి సైమిని పిలిస్తే, అల్లుతున్న మేజోడు వెయిక్కో ఒళ్ళో పడేసి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి అతను రెండు వరసలు అల్లి పెట్టాడు.

"ఇది మేజోడా, లారీ టైరా?" అందావిడ.

"మీ మనవడి పాదం చూళ్ళేదు కదమ్మా, ఉజ్జాయింపుగా అల్లాను."

ఆవిడ ఆ వరసలు విప్పలేదు. వాటి మీదనే అల్లుకుంటూ పోయింది.

ఈ ఉదయం నర్సు వచ్చి, "తౌనో గారూ, ఒకసారి లోపలికి రండి" అంది. ఎందుకో చెప్పలేదు. అయిపోయిందనుకున్నాను. అందరి ముందూ సంచి విప్పి, నల్లకోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని వెళ్ళాను. పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎవరు పోయారు నాన్నా?" అంది.

బయటికొస్తుంటే నా కాళ్ళు నేలమీద లేవు. కానీ తలుపు దగ్గర ఆగిపోయాను. వాళ్ళవాళ్ళు ఇంకా లేవలేదే, వాళ్ళ ముందు నా సంతోషం ఎలా పరుచుకోను? మా అమ్మ పెంపకం నీకు తెలుసు కదా, మంచి జరిగితే గదిలోకెళ్ళి నవ్వుకోమనేది. అందుకని తల దించుకుని, రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని, గోడవారగా జారుకోబోయాను.

వెయిక్కో లేచి నిలబడి టోపీ తీశాడు. సైమి లేచింది. కాఫీ బండి తోసే పిల్ల బండి ఆపేసింది. సైమి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. మనవాళ్ళలో పరాయి మనిషి అలా చెయ్యి పట్టుకోవడం నువ్వెప్పుడైనా చూశావా?

"అది కాదండీ," అన్నాను. "కాఫీ అడిగింది."

వెయిక్కో కుర్చీలో కూలబడి టోపీలో మొహం దాచుకుని ఏడ్చాడు. సైమి మాత్రం నా చేతులు వదల్లేదు. "మరి ఆ మొహమేంటయ్యా? ఆ కోటేంటి?"

"మీ వాళ్ళింకా... మీ ముందు బాగుండదని."

"చాల్లే ముసలాయనా. ఆ తలుపులోంచి మంచి మాట కూడా వస్తుందని మాకిప్పుడే కదా తెలిసింది. దాన్ని రుమాల్లో మూటగట్టుకుపోతావా?"

నీ రొట్టె అక్కడే కోశాను. మనసు గట్టి చేసుకోమన్న ఆ డాక్టరే నిలబడి తింటూ, ఎలా లేచిందో తనకూ తెలీదన్నాడు. నాకూ తెలీదు లెంపీ. ఇన్నాళ్ళూ ఆ బరువు నేనొక్కడినే మోస్తున్నాననుకున్నాను. పక్క కుర్చీల్లో ఇద్దరు నాతోపాటు మోస్తున్నారని ఈవేళ తెలిసింది. అందుకే, కోపగించుకోకు, ఔతిని వేరే వార్డుకి మార్చినా పగలు నేను ఆ గదిలోనే కూర్చుంటాను, వాళ్ళవాళ్ళు కూడా లేచేదాకా.

సంతోషం పట్టలేని
నీ తౌనో

చెప్పవలసినవాళ్ళు: మా అక్క హిల్మా. నీ తమ్ముడు ఆర్వో, వాడికి రెండుసార్లు చెప్పించు. ఔతికి పేరుపెట్టిన పిన్ని. కొట్టంలో మన్సిక్కి, దానికి నువ్వే చెవిలో చెప్పు, ఔతి చేతికి తప్ప పాలివ్వదు. వెయిక్కో వదినగారు మన ఊరి దారిలోనే ఉంటారట, ఆవిడకీ కబురు పెట్టు. స్వీడన్‌లో ఉన్న సైమి చెల్లెలికి మాత్రం అక్కర్లేదు. నాకంటే ముందే సైమి పరుగెత్తి ఫోను చేసి, "మన పిల్ల లేచిందే" అని చెప్పేసింది.