గేటు తట్టిన బజర్

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాచారంలో మన ఇంటి మీద కొత్త నీళ్ళ ట్యాంకు పెట్టించాం. పాతదానికన్నా ఎత్తు. అందుకే నువ్వు మల్లాపూర్ వర్క్‌షాపులో చేసి తెచ్చిన, ట్యాంకులో నీళ్ళ ఎత్తు చూసి మోగే బజర్ బోర్డుకు ప్రోగ్రాం మార్చాల్సి వచ్చింది.

నీ ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి పై బాణం నొక్కితే నువ్వు చివరిసారి కొట్టిన కమాండే వచ్చింది. దాంతోనే కొత్త ప్రోగ్రాం కంపైల్ చేసి బోర్డుకెక్కించాను. నీ పాత ప్రోగ్రాం చెరిగిపోయింది. కొత్తదాంట్లో ట్యాంకు నిండితేనే బజర్ మోగాలి.

ట్యాంకు ఖాళీగా ఉంది. అయినా బజర్ మోగింది. చిన్నగా రెండు, పొడుగ్గా ఒకటి. నువ్వు డ్యూటీ నుంచి వచ్చి గేటు తట్టే తీరు.

బోర్డులో ప్రోగ్రాంలు ఎక్కించే పని చూసే, కొత్తది ఎక్కించినా తాను చెరగని బూట్‌లోడర్‌లో నువ్వే ఆ మోతను దాచి ఉంటావు. నీకలాంటి చేష్టలు అలవాటే. ఆ మాట చెబుదామని తిరిగేసరికి అమ్మ వంటింట్లోంచి వెళ్ళి గేటు తీసేసింది.

"గింత ఆల్శమైందేందే బిడ్డా? జర కాళ్ళు కడుక్కొని రా, తిందువు," అంది, ఎవరూ లేని గల్లీలోకి చూస్తూ.

అమ్మ లోపలికి వెళ్ళాక గేటు వేద్దామని వెళ్ళాను. వేసేముందు పక్కకు జరిగి దారిచ్చాను.

తమ్ముడు