గాయానికి గోలీసోడా

...అందుకే బాబాయ్, ఇవాళ కూడా ట్యూషన్ అని అబద్ధం చెప్పి ఆ ఫస్ట్ ఎయిడ్ క్లాసుకే వెళ్లా. నువ్వు పోయాక అమ్మ దగ్గర రక్తం అన్న మాటే ఎత్తకూడదు కదా.

జగ్గయ్యపేట సెంటర్లో సోడాబండి కాశిం మామయ్య మోచేతికి ఎర్రరంగు పూసుకుని, దెబ్బతగిలినట్టు పడుకున్నాడు. "ఇప్పుడేం చేస్తారు?" అని డాక్టరుగారు అడగ్గానే ఇద్దరు ఆయన్ని లేపి కూర్చోబెట్టారు. ఒకాయన ఆటో పిలిచాడు. ఇంకొకాయన మామయ్య బండిలోని సోడానే కొట్టి మామయ్య నోటికే పెట్టాడు.

"సగం చంపేశారయ్యా," అన్నారు డాక్టరుగారు.

"మిగతా సగం సోడా చూసుకుంటదండి, గ్యాస్ ఎక్కువేసా," అన్నాడు మామయ్య.

అందరం నవ్వాం. నందిగామ రోడ్డు మీద యాక్సిడెంటైన రోజు నీకూ ఇలాంటి మంచివాళ్లే సోడా పట్టారు. రక్తం కారేచోట మాత్రం ఎవరూ నొక్కలేదు.

నా వంతు వచ్చింది. చున్నీ మడిచి మామయ్య మోచేతి మీద గట్టిగా నొక్కా.

"మెల్లగామ్మా, నేనింకా బతికే ఉన్నా."

"ఉండాలనే మామయ్యా."

తలుపు కొడుతున్నారు. అమ్మ.

"ఏమే, దండెం మీద నీ చున్నీకి ఈ ఎరుపేంటే? ఎవరికేమైంది?"

నీకు రాస్తున్న ఈ కాయితాలు పరుపు కింద పెట్టేస్తున్నా బాబాయ్. ముందు తలుపు తీసి, ఎవరికీ ఏం కాలేదని చెప్పాలి.