రేకుల కింది జామమొక్క

లలితా,

నువ్వు నాటిన జామమొక్క పసుపుబారి ఆకులు రాలుస్తోంది. కమఠాణ ఊరి నుంచి పేడఎరువు తెప్పించి వేశాను, బూడిద చల్లాను, లాభం లేదు. ఇవాళ నీ మాట గుర్తొచ్చింది: "అవ్వా, మట్టి ఉప్పులే ఇస్తది. అన్నం ఆకే ఎండల వండుకుంటది."

ఎండ ఎక్కడిది? నీ దినాలకు వచ్చేవాళ్ళ నీడకోసం మీ నాన్న వాకిలంతా రేకులు కప్పించాడు. ఏడాదైనా తీయలేదు. వెంటనే నిచ్చెన ఎక్కాను.

"దిగమ్మా! వానొస్తే వాకిట్ల పొయ్యి ఆరుతది," అని మీ నాన్న అరిచాడు.

"ఆరితే మళ్ల అంటిస్తం. దీని పొయ్యి ఆరితే ఎవరంటిస్తర్రా?"

వాడు వచ్చి రేకు రెండో అంచు పట్టుకున్నాడు.

కొమ్మ చివర ఒక్క ఆకే ఆకుపచ్చగా మిగిలింది. దానిమీద ఎండ పడింది. ఎదురుగా కూర్చుని చెబుతున్నాను: వండుకో తల్లీ, వండుకో.

మీ అవ్వ