మరిది గొంతు ఉన్న డిస్కు

చెల్లీ,

నీ ఉత్తరం, డిస్కు పరీక్ష చేసి నువ్వు పంపిన మూడు కాగితాలు అందాయి. ఆపరేషన్‌తో మాట పోకముందు మరిది మీ పిల్లలకు చెప్పిన కథలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయని రాశావు. కాగితాలు దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకుని, కంప్యూటర్లు బాగుచేసే అతనికి చూపించాను.

“పైన ‘బాగుంది’ అని ఉన్నా నమ్మకండమ్మా. కింద చూడండి, డిస్కు చదవలేకపోయిన చోట్ల లెక్క. సోమవారం ఎనిమిది, మంగళవారం ఇరవై నాలుగు, బుధవారం యాభై ఆరు. అసలు రోజూ ఎందుకు పరీక్ష పెడుతున్నారు?” అన్నాడు.

“మా చెల్లెలు నర్సు. జ్వరం చూసినట్టు చూస్తోంది, దిగుతుందేమోనని” అన్నాను.

“ఇది దిగే జ్వరం కాదు. పరీక్ష పెట్టినప్పుడల్లా డిస్కు మొదటినుంచి చివరిదాకా చదవాలి. రోగిని నాలుగంతస్తులు ఎక్కించి, ఆయాసం తగ్గిందా అని అడిగినట్టుంది!”

నువ్వు మంచికే చేశావు, బాధపడకు. ఈ ఉత్తరం చదవగానే ఆ కంప్యూటర్‌ని ఆపేయి, మళ్లీ వెయ్యకు. శుక్రవారం అతన్ని వెంటబెట్టుకుని వస్తాను. తీయగలిగినంత కొత్త డిస్కులోకి తీస్తాడు. అన్నీ రాకపోవచ్చట. ముందు ఏ కథ కావాలో రాసి ఉంచమన్నాడు.

అది నువ్వు రాయకు. బెంగపడతాడని మరిది దగ్గర ఈ సంగతి దాచావు. ఇక దాచకు. పక్కన కూర్చుని, కాగితం చేతికిచ్చి అడుగు. ఆ గొంతు ఆయనది.

నేను ఇక్కడ దేవుడికి చెప్పుకుంటాను. నువ్వు అక్కడ ఆయనకు చెప్పు.

పెద్దక్క